వెలుగు పడినచోటే పనిచేసే మందు: లోహ సంశ్లిష్టాల డిజైన్‌లో అసలు చిక్కు

సిస్‌ప్లాటిన్ అనే ప్లాటినం క్యాన్సర్ మందు రక్తంలోకి ఎక్కాక దానికి కణితి ఏదో, కిడ్నీ ఏదో తెలియదు. దొరికిన కణంలోకల్లా దూరుతుంది, డీఎన్ఏకి అతుక్కుంటుంది, విభజనను అడ్డుకుంటుంది. క్యాన్సర్ కణాలు తొందర తొందరగా విభజన చెందుతాయి కాబట్టి ఎక్కువ దెబ్బ వాటికే తగులుతుంది. మిగతా ఒంటికి తగిలే దెబ్బ మాత్రం తక్కువేమీ కాదు. విపరీతమైన వాంతులు, కిడ్నీలు పాడవడం, వినికిడి తగ్గడం, చేతులూ కాళ్లూ తిమ్మిరెక్కడం, ఇవన్నీ ఆ మందు వాడిన వాళ్లకి తెలిసినవే.

అలాగని దాన్ని చిన్నచూపు చూడటానికి లేదు. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో బార్నెట్ రోజెన్‌బర్గ్ బృందం బ్యాక్టీరియా మీద విద్యుత్ క్షేత్రం ప్రభావం ఎలా ఉంటుందో చూద్దామని ప్రయోగం పెట్టుకుంది. బ్యాక్టీరియా విభజన మానేసి పొడవాటి దారాల్లా సాగిపోయాయి. కారణం విద్యుత్ కాదు, ఎలక్ట్రోడ్ల నుంచి కొద్దికొద్దిగా కరిగి ద్రావణంలో చేరిన ప్లాటినం అని తర్వాత తేలింది. ఈ సంగతి 1965లో ప్రచురితమైంది. 1978లో అమెరికాలో సిస్‌ప్లాటిన్‌కి అనుమతి వచ్చింది. వృషణాల క్యాన్సర్ ఇవాళ చాలామందికి నయమయ్యే జబ్బు అయిందంటే అందులో దీని పాత్ర పెద్దదే. లోహాన్ని మందుగా వాడొచ్చన్న ధైర్యం రసాయన శాస్త్రవేత్తలకి వచ్చిందీ దీంతోనే.

అక్కడి నుంచి ఇంకో ప్రశ్న పుట్టింది. మందు ఒళ్లంతా తిరిగినా ఏమీ చేయకుండా ఉండి, డాక్టరు వెలుగు వేసిన చోట మాత్రమే విషంగా మారితే ఎలా ఉంటుంది?

వెలుగుతో వైద్యం అన్న ఆలోచన మాత్రం సిస్‌ప్లాటిన్ కంటే పాతది. మ్యూనిక్‌లో హెర్మన్ ఫాన్ టాపైనర్ దగ్గర చదువుకుంటున్న ఆస్కార్ రాబ్, అక్రిడిన్ అనే రంగు కలిపిన నీళ్లలో పారమీసియం అనే ఏకకణ జీవులు వెలుతురు ఉంటేనే చస్తున్నాయని గమనించాడు. అది 1900లో అచ్చయింది. 1912లో ఫ్రెడ్రిక్ మేయర్-బెట్జ్ అనే జర్మన్ వైద్యుడు హెమటోపార్ఫిరిన్ అనే వెలుగు పీల్చుకునే పదార్థాన్ని తన ఒంట్లోకే ఎక్కించుకుని ఎండలోకి వెళ్లాడు. ముఖం, చేతులూ వాచిపోయాయి. ఎండ పడని బాధ రెండు నెలలకు పైగా వదల్లేదు. తర్వాత అదే కుటుంబానికి చెందిన ఫోటోఫ్రిన్ 1993లో కెనడాలో, 1995లో అమెరికాలో మందుగా వచ్చింది. అది పనిచేస్తుంది. కానీ వాడిన రోగి కనీసం నెలరోజులు ఎండకి దూరంగా ఉండాలి. పైగా అది ఒకే పదార్థం కాదు, రకరకాల పార్ఫిరిన్ల మిశ్రమం. లోతుకి వెళ్లగల ఎర్రకాంతిని అది పీల్చుకునేది చాలా కొంచెం. కొత్త అణువులు తయారుచేయాలన్న పట్టుదలకి మూలం ఈ లోపాలే.

ఈ మందులు పనిచేసే పద్ధతి స్థూలంగా ఇదీ. అణువు ఒక ఫోటాన్‌ను, అంటే ఒక వెలుగు రేణువును, మింగి ఉత్తేజిత స్థితికి వెళ్తుంది. మామూలు రంగు పదార్థాలైతే నానోసెకన్లలోనే ఆ శక్తిని వెలుగుగానో వేడిగానో వదిలేసి కిందికి దిగిపోతాయి. అంత తక్కువ సమయంలో పక్కనున్న అణువుతో రసాయన చర్య జరిపే వీలు పెద్దగా ఉండదు. ఎలక్ట్రాన్‌కి ఉండే స్పిన్ అనే గుణం దిశ మారి ట్రిప్లెట్ స్థితికి చేరితే మాత్రం కథ మారుతుంది. అక్కడి నుంచి కిందికి దిగడానికి మళ్లీ స్పిన్ మారాలి, అది అంత తేలిక కాదు. కాబట్టి శక్తి కాసేపు నిలవ ఉంటుంది. ఆలోపు అటుగా వచ్చిన ఆక్సిజన్ అణువుకి ఆ శక్తి అందితే అది సింగ్లెట్ ఆక్సిజన్ అనే, చుట్టుపక్కల అణువులను దెబ్బతీసే చురుకైన రూపంగా మారుతుంది. నీళ్లలో దాని ఆయుష్షు మూడు, నాలుగు మైక్రోసెకన్లే. కణం లోపల అంతకంటే ఎక్కువ బతకదు, పుట్టిన చోటు నుంచి వందో రెండు వందలో నానోమీటర్లు కదిలేసరికి ఖర్చయిపోతుంది. ఈ పొట్టి ఆయుష్షే ఇక్కడ వరం. మైటోకాండ్రియా దగ్గర పుడితే మైటోకాండ్రియానే దెబ్బతీస్తుంది, పక్క కణం జోలికి పోదు.

లోహం ఇందులో ఎందుకు? బరువైన అణుకేంద్రకం చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్‌కి స్పిన్ మార్చుకోవడం చాలా సులువు. ఈ రంగంలో అందరూ మొదట పట్టుకునే అణువు, రుథీనియం అనే లోహం చుట్టూ బైపిరిడీన్ అనే సేంద్రియ అణువులు మూడు అమర్చిన నారింజ రంగు సంశ్లిష్టం (మధ్యలో లోహం, చుట్టూ దానికి అతుక్కున్న అణువులు ఉన్న పదార్థం). అది 450 నానోమీటర్ల దగ్గర నీలికాంతిని పీల్చుకుంటుంది. ఆ వెంటనే, అంటే సెకనులో లక్ష కోట్ల వంతు కూడా గడవకముందే, దాదాపు ప్రతి ఉత్తేజిత అణువూ ట్రిప్లెట్ స్థితికి చేరిపోతుంది. మింగిన ఫోటాన్ ఏదీ ఆ మెట్టు దగ్గర వృథా కాదన్నమాట. సేంద్రియ రంగులతో అంత కచ్చితత్వం సాధించాలంటే బ్రోమిన్, అయోడిన్ లాంటి బరువైన పరమాణువులు తగిలించుకోవాల్సి వస్తుంది.

లోహంతో ఉన్న రెండో లాభం, ఒకే అణువులో ఉత్తేజిత స్థితులు రకరకాలుగా ఉండటం. ఎలక్ట్రాన్ లోహం నుంచి లైగాండ్ (లోహానికి అతుక్కుని ఉన్న అణువు) మీదికి దూకిన స్థితి ఒకటి. పూర్తిగా లైగాండ్ లోపలే జరిగే ఉత్తేజం ఇంకొకటి. లోహం మీదే ఒక కక్ష్య నుంచి ఇంకో కక్ష్యకి మారేది మూడోది. ఈ మూడో రకాన్ని లోహ కేంద్రిత స్థితి అంటారు. అక్కడికి చేరిన ఎలక్ట్రాన్ లోహానికీ లైగాండ్‌కీ మధ్య ఉన్న బంధాన్ని వదులు చేస్తుంది, ఒక్కోసారి తెంచేస్తుంది. ఈ స్థితుల్లో ఏది కింద, ఏది పైన అన్నది లైగాండ్‌లని బట్టి మారుతుంది. ఆ వరుసను మార్చడమే ఈ డిజైనర్ల పనిలో ముఖ్యభాగం.

దాన్ని బట్టే దారులు రెండుగా చీలాయి. ఒకటి ఆక్సిజన్ మీద ఆధారపడే పాత దారి. రెండోది వెలుగు పడగానే బంధం తెగి విషం బయటపడే దారి, దీన్ని ఫోటో కీమోథెరపీ అంటున్నారు. రెండోదాని మీద మోజు పెరగడానికి కారణం ఉంది. పెద్ద కణితుల లోపలి భాగాలకి రక్తం సరిగా అందదు, అక్కడ ఆక్సిజన్ కొరత. పాత పద్ధతి అయితే ఉన్న కాస్త ఆక్సిజన్‌నీ ఖర్చుచేసి చిక్కును ఇంకా పెంచుతుంది. మందుకి మొండిగా ఎదురునిలిచే కణాలు చాలావరకు ఆ లోపలి పొరల్లోనే ఉంటాయి.

బంధాన్ని తెంచే అణువును ఎలా కడతారో ఒక ఉదాహరణ దగ్గరగా చూస్తే అర్థమవుతుంది. కెంటకీ విశ్వవిద్యాలయంలో ఈడిత్ గ్లేజర్ బృందం 2012లో ప్రచురించిన పని ఇది. పైన చెప్పిన నారింజ రంగు అణువునే తీసుకుని, మూడు బైపిరిడీన్‌లలో ఒకదానికి నైట్రోజన్ల పక్కనే రెండు మిథైల్ గుంపులు (ఒక కార్బన్, మూడు హైడ్రోజన్ల చిన్న ముక్కలు) తగిలించారు. ఆ గుంపులు సరిగ్గా లోహం వైపుకి పొడుచుకొస్తాయి, పక్క లైగాండ్‌లకి తగులుతాయి. ముగ్గురు పట్టే బెంచీ మీద నలుగురు ఇరుక్కుని కూర్చున్నట్టు అణువంతా బిగుసుకుని ఉంటుంది. ఈ ఇరుకు వల్ల లోహ కేంద్రిత స్థితి కిందికి దిగివస్తుంది. చీకట్లో అణువు స్థిరంగానే ఉంటుంది. నీలికాంతి పడగానే ఆ ఇరుకు లైగాండ్ ఊడిపోతుంది, ఖాళీ అయిన చోట్లలో నీటి అణువులు చేరతాయి. సిస్‌ప్లాటిన్‌లో క్లోరైడ్లు ఊడిపోయి నీళ్లు చేరినట్టే ఇదీ డీఎన్ఏను పట్టుకోగలదని ఊహ. చీకట్లో కంటే వెలుతురులో కణాల మీద ప్రభావం వంద రెట్లకు పైగా పెరిగింది. కేవలం రెండు మిథైల్ గుంపులతో సాధించిన ఈ ఫలితం ఆ రంగంలో పెద్ద సంచలనమే.

ఆ తర్వాత జరిగింది ఇంకా ఆసక్తికరం. నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయంలో సిల్వెస్త్ర్ బొన్నె బృందం ఒక సూటి ప్రశ్న వేసింది. వెలుగు పడ్డాక రెండు ముక్కలు వస్తున్నాయి కదా, చంపుతున్నది ఏ ముక్క? వెలుగు పడితే సరిగ్గా అదే రుథీనియం ముక్కను ఇచ్చే మరో సంశ్లిష్టాన్ని తయారుచేశారు. తేడా ఏమిటంటే, అందులో ఊడిపోయే లైగాండ్ విషం కానిది. దాని మీద వెలుగు వేస్తే కణాలు చావలేదు. విడిగా మిథైల్ గుంపులున్న బైపిరిడీన్ ఒక్కదాన్నే వేస్తే చచ్చాయి. అంటే ఆ ప్రయోగంలో లోహం మందు కాదు, మందును మోసుకొచ్చిన డబ్బా! 2017 నాటి ఈ ఫలితం తర్వాత కూడా ఊడిన లైగాండ్‌ను విడిగా పరీక్షించకుండా లోహానికే పేరు కట్టబెట్టే పరిశోధనాపత్రాలు వస్తూనే ఉన్నాయి. ఈ ఒక్క నియంత్రణ ప్రయోగం లేని పత్రాన్ని కాస్త అనుమానంగానే చదవాలి.

పోనీ లోహాన్ని డబ్బాగానే వాడుకుంటే తప్పేముంది? ఏమీ లేదు. చాలా బృందాలు ఇప్పుడు చేస్తున్నది అదే. బాగా తెలిసిన ఎంజైమ్ నిరోధకాన్ని, అంటే కణంలోని ఎంజైమ్ పనిని ఆపే మందును, రుథీనియానికి కట్టి దాని నోరు కట్టేస్తారు, కణితి దగ్గర వెలుగుతో విడిపిస్తారు. విషం ఏమిటో, ఎంత వస్తుందో ముందే తెలిసి ఉంటుంది కాబట్టి లెక్క సులువు.

ప్లాటినం వైపు ఇంకో పద్ధతి ఉంది. ఎడిన్‌బరోలో, తర్వాత వారిక్‌లో పీటర్ శాడ్లర్ బృందం నాలుగు ఆవేశాల ప్లాటినానికి రెండు అజైడ్‌లు (మూడేసి నైట్రోజన్ల గుంపులు), రెండు హైడ్రాక్సైడ్‌లు కట్టింది. మామూలుగా నాలుగు ఆవేశాల ప్లాటినం సంశ్లిష్టాలను కణంలోని గ్లుటాథయోన్ అనే అణువు ఎప్పుడో అప్పుడు ఎలక్ట్రాన్లు ఇచ్చి (క్షయీకరించి) మేల్కొలుపుతుంది. ఈ అజైడ్‌లు మాత్రం దానికి లొంగకుండా చీకట్లో నిలబడతాయి. వెలుగు పడితే అజైడ్‌లు రాడికల్‌లుగా (జత లేని ఎలక్ట్రాన్ ఉన్న చురుకైన ముక్కలుగా) ఊడిపోతాయి, రెండు ఆవేశాలకు దిగి మిగిలిన ప్లాటినం డీఎన్ఏను పట్టుకుంటుంది. ఒకే వెలుగుతో రెండు దెబ్బలు, అదీ ఆక్సిజన్ సాయం లేకుండా. ఒకే ఇబ్బంది, ఈ అణువులు ఇష్టపడేది అతినీలలోహిత, నీలికాంతులను.

అక్కడే ఈ రంగమంతా తల పట్టుకునే చిక్కు మొదలవుతుంది. చర్మం, కండ, రక్తం నీలికాంతిని ఒక మిల్లీమీటరు కూడా సరిగా లోపలికి పోనివ్వవు. హిమోగ్లోబిన్, మెలనిన్ దాన్ని మింగేస్తాయి, మిగిలింది చెదిరిపోతుంది. సుమారు 650 నుంచి 850 నానోమీటర్ల మధ్య, అంటే ముదురు ఎరుపు, దాని పక్కనున్న పరారుణంలో శరీరం కాస్త పారదర్శకంగా ఉంటుంది. అక్కడైతే కొన్ని మిల్లీమీటర్ల నుంచి సెంటీమీటరు దాకా వెలుగు అందుతుంది. కాబట్టి అణువు ఎర్రకాంతిని పీల్చుకునేలా మార్చండి అని సలహా ఇవ్వడం తేలికే.

చేసి చూస్తేనే తెలుస్తుంది. 450 నానోమీటర్ల ఫోటాన్‌లో సుమారు 2.75 ఎలక్ట్రాన్ వోల్టుల (అణువుల స్థాయిలో శక్తిని కొలిచే ప్రమాణం) శక్తి ఉంటుంది. 650 దగ్గర అది 1.9కి, 800 దగ్గర 1.55కి పడిపోతుంది. బంధాన్ని తెంచే లోహ కేంద్రిత స్థితి రుథీనియం బైపిరిడీన్‌లో మామూలు ఉత్తేజిత స్థితి కంటే అర ఎలక్ట్రాన్ వోల్టు దగ్గరలో పైన ఉంటుంది. ఆ ఎత్తును ఒంటి వేడి సాయంతో ఎక్కాలి. ఎర్రకాంతిని పీల్చుకోవడం కోసం ఆ మామూలు ఉత్తేజిత స్థితిని ఇంకా కిందికి దించితే మధ్య అగాధం పెరుగుతుంది. అణువు వెలుగు మింగుతుంది, కానీ లైగాండ్ ఊడదు. ఇరుకు పెంచి లోహ కేంద్రిత స్థితినీ కిందికి లాగితే, చీకట్లోనే ఊడిపోయే ప్రమాదం. ఎటు తిరిగినా ఏదో ఒకటి పోతుంది.

ఆక్సిజన్ దారిలోనూ ఇదే రకం తిప్పలు. సింగ్లెట్ ఆక్సిజన్ పుట్టాలంటే ట్రిప్లెట్ స్థితిలో కనీసం 0.98 ఎలక్ట్రాన్ వోల్టులు ఉండాలి. 800 నానోమీటర్ల ఫోటాన్‌తో మొదలుపెడితే మార్జిన్ మిగిలేది కొంచెమే. పైగా ఉత్తేజిత స్థితికీ, ఉత్తేజం లేని అట్టడుగు స్థితికీ మధ్య ఎడం తగ్గేకొద్దీ అణువు ఆ శక్తిని వేడిగా పోగొట్టుకునే వేగం పెరుగుతుంది. ఆక్సిజన్ అణువు ఎదురుపడేసరికి చేతిలో ఏమీ ఉండదు.

అలాగని దారులు పూర్తిగా మూసుకుపోలేదు. బైపిరిడీన్ బదులు దానికంటే పెద్దదైన బైక్వినోలీన్ లైగాండ్ వాడితే ఇరుకు, ఎర్రకాంతి రెండూ కొంతవరకు కలిసొస్తాయని గ్లేజర్ బృందమే చూపించింది. ఆస్మియం అనే లోహం ఇంకో మార్గం. అది ఎంత బరువైన పరమాణువంటే, వెలుగు మింగి నేరుగా ట్రిప్లెట్ స్థితికి ఎక్కడం కూడా అందులో జరుగుతుంది, మామూలు అణువుల్లో అది నిషిద్ధం. దాంతో పరారుణం అంచు దాకా పీల్చుకుంటుంది. కానీ దాని లోహ కేంద్రిత స్థితులు చాలా పైన ఉంటాయి కాబట్టి లైగాండ్ ఊడే ఆశ పెట్టుకోకూడదు, ఆక్సిజన్ దారికే పనికొస్తుంది. రెండు బలహీనమైన పరారుణ ఫోటాన్లను ఒకేసారి మింగించే పద్ధతి మీద పత్రాలు చాలానే ఉన్నాయి. దానికి ఫెమ్టోసెకండ్ లేజర్ (అతి పొట్టి, అతి తీవ్రమైన వెలుగు మెరుపులిచ్చేది) కావాలి, అది వెలిగించే చోటు సూదిమొనంత కూడా ఉండదు. కణితినంతా అలా తడమడం ఎన్నాళ్లకు అయ్యే పని?

ఖరీదైన, అరుదైన లోహాలు ఎందుకు, ఇనుమో వెనేడియమో వాడొచ్చు కదా అన్న ప్రశ్న సహజం. ఇనుములో లోహ కేంద్రిత స్థితులు మరీ కింద ఉంటాయి. వెలుగుతో వచ్చిన శక్తి ఒక పికోసెకను (సెకనులో లక్ష కోట్ల వంతు) గడవకముందే అందులోకి జారి వేడిగా పోతుంది. అందుకే బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో అఖిల్ చక్రవర్తి బృందం లాంటివాళ్లు వేరే దారి పట్టారు. ఇనుము సంశ్లిష్టాల్లో లైగాండ్ నుంచి లోహం వైపుకి ఎలక్ట్రాన్ దూకే శోషణను వాడుకున్నారు, వెనేడియం మీదా చాలా పనిచేశారు. ఎర్రకాంతిలో డీఎన్ఏను తెంచే అణువులు అలా దొరికాయి.

ఇంతకీ వీటిలో మనుషుల దాకా వచ్చినవెన్ని? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ముందుగా చెప్పుకోవలసింది పెల్లాడియం లోహం ఉన్న పాడెలిపోర్ఫిన్ అనే మందు. దీన్ని ఇజ్రాయెల్‌లోని వైజ్‌మాన్ ఇన్‌స్టిట్యూట్‌లో బ్యాక్టీరియా క్లోరోఫిల్ నుంచి తయారుచేశారు, వాడుకలో టూకాడ్ అంటారు. 753 నానోమీటర్ల దగ్గర పనిచేస్తుంది కాబట్టి లోతు సమస్య చాలావరకు తీరింది. దీని డిజైన్‌లో తెలివంతా ఇంకోచోట ఉంది. ఇది క్యాన్సర్ కణంలోకి దూరాలని ఎదురుచూడరు. రక్తంలో తిరుగుతుండగానే ప్రొస్టేట్‌లోకి దూర్చిన ఆప్టికల్ ఫైబర్లతో వెలుగు వేస్తారు. కణితికి రక్తం తీసుకెళ్లే సన్నటి నాళాలు మూసుకుపోతాయి. మందు కొద్ది గంటల్లోనే ఒంట్లోంచి పోతుంది, నెలరోజుల చీకటి శిక్ష లేదు.

తక్కువ ప్రమాదమున్న ప్రొస్టేట్ క్యాన్సర్ రోగులు 413 మంది మీద ఐరోపాలో చేసిన పరీక్షలో, రెండేళ్లలో జబ్బు ముదిరినవాళ్లు మందు తీసుకున్నవాళ్లలో 28 శాతం, కేవలం గమనిస్తూ ఉంచినవాళ్లలో 58 శాతం. 2017లో ఐరోపా అనుమతి ఇచ్చింది. అదే సమాచారం చూసి 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సలహా సంఘం మొగ్గు చూపలేదు. అంత నెమ్మదైన జబ్బుకి అసలు చికిత్స అవసరమా అన్నదే అక్కడ పెద్ద వాదన అయింది. అణువు బాగా పనిచేయడం ఒకటి, దానికి తగిన రోగి దొరకడం ఇంకొకటి.

రెండోది టీఎల్‌డీ-1433 అనే రుథీనియం మందు. షెరీ మెక్‌ఫార్లండ్ ప్రయోగశాల నుంచి వచ్చింది, టొరంటోలోని థెరాలేస్ సంస్థ మనుషుల మీద పరీక్షిస్తోంది. వెలుగుతో పనిచేసే రుథీనియం సంశ్లిష్టాల్లో మనుషుల దాకా చేరిన మొదటిది ఇదే. పరీక్షలు 2017లో మొదలయ్యాయి, 2019లో రెండో దశకు వెళ్లాయి. రుథీనియానికి తగిలించిన లైగాండ్‌కి మూడు థయోఫీన్ వలయాల (సల్ఫర్ ఉన్న వలయాలు) తోక ఉంటుంది. ఉత్తేజ శక్తి ఆ తోక మీదికి చేరి మైక్రోసెకన్ల కొద్దీ నిలవ ఉంటుంది. దాంతో ఆక్సిజన్ పలచగా ఉన్నచోట కూడా దానికి ఆక్సిజన్ ఎదురయ్యే అవకాశం పెరుగుతుంది.

ఈ మందుకి వాడేది ఎర్రకాంతి కాదు, ఆకుపచ్చ కాంతి. పైన చెప్పినదాని ప్రకారం ఇది తప్పు ఎంపికలా కనిపిస్తుంది. కానీ చికిత్స చేస్తున్నది మూత్రాశయం లోపలి పొరలో పైపైనే ఉండే క్యాన్సర్‌కి. గతంలో ఫోటోఫ్రిన్‌తో, ఎర్రకాంతితో అక్కడ ప్రయత్నిస్తే వెలుగు కింద ఉన్న కండరాల పొర దాకా వెళ్లి దాన్నీ దెబ్బతీసింది, కొందరిలో మూత్రాశయం కుంచించుకుపోయింది. ఆకుపచ్చ కాంతి అంత లోతుకి పోలేదు. మందును కేథెటర్‌తో మూత్రాశయంలో నింపి, కాసేపయ్యాక కడిగేసి, లోపలే వెలుగు వేస్తారు. రక్తంలోకి ఎక్కించే పనే లేదు. ఏళ్ల తరబడి లోపంగా చూసిన లక్షణమే ఇక్కడ రక్షణ కవచమైంది. తరంగదైర్ఘ్యాన్ని ఎరుపు వైపుకి జరపడమే అభివృద్ధి అనుకునే ధోరణికి ఇంతకంటే గట్టి జవాబు ఉండదు. అవయవాన్ని ముందు ఎంచుకుని, దానికి కావలసిన లోతును బట్టి అణువును కట్టిన బృందాలే ఆసుపత్రి గడప తొక్కాయి. ముందు అణువును కట్టి తర్వాత జబ్బును వెతుక్కున్నవి చాలావరకు పత్రికల్లోనే ఉండిపోయాయి.

కొత్త ఆలోచనలు లేవని కాదు. 2019లో శాడ్లర్, చైనాకు చెందిన హుయ్ చావ్ బృందాలు కలిసి ఇరిడియం అనే లోహంతో సంశ్లిష్టం ఒకటి చూపించాయి. అది వెలుగులో ఉత్ప్రేరకంలా కణం శక్తి తయారీకి వాడుకునే ఎన్ఏడీహెచ్ అనే అణువును వరసగా తగలేస్తుంది, ఆక్సిజన్ కొరతలోనూ పనిచేస్తుంది. ఉత్ప్రేరకం కాబట్టి కొద్ది మోతాదే చాలు. దానికీ నీలికాంతే కావాలి మరి.

ప్రయోగశాలలో వీటిని తూచే పద్ధతి గురించి ఒక మాట. చీకట్లో సగం కణాలను చంపడానికి ఎంత మందు కావాలి, వెలుతురులో ఎంత కావాలి, ఈ రెండింటి నిష్పత్తిని ఫోటో ఇండెక్స్ అంటారు. పది వస్తే పర్వాలేదు, వెయ్యి వస్తే పండగ. కానీ ఆ అంకె అణువు సొత్తు కాదు. ఏ రంగు వెలుగు, చదరపు సెంటీమీటరుకి ఎన్ని జౌల్‌ల శక్తి, ఎంత వేగంతో వేశారు, మందు వేశాక ఎన్ని గంటలు ఆగారు, ఇంక్యుబేటర్‌లో ఆక్సిజన్ ఎంత, వీటన్నిటినీ బట్టి అది మారిపోతుంది. ఒకరి వెయ్యినీ ఇంకొకరి వందనీ పక్కపక్కన పెట్టి పోల్చడం అర్థం లేని పని. పని మొదలయ్యే ముందే గదిలో ట్యూబ్‌లైటు ఆర్పేసి, మసక ఎర్రదీపం వెలుగులో, సీసాలకి అల్యూమినియం ఫాయిల్ చుట్టి పనిచేయాలి. ఒకటి పూర్తి చీకట్లో ఉంచిన ప్లేటు, ఒకటి మందు లేకుండా వెలుగు మాత్రమే వేసిన ప్లేటు తప్పకుండా ఉండాలి. ఎల్‌ఈడీలు వేడెక్కి కణాలు చస్తే ఆ పేరు మందుకి వచ్చేస్తుంది. కణాలు బతికున్నాయో లేదో రంగు మార్పుతో చెప్పే పరీక్షల్లో, అసలు మందుకే ముదురు రంగు ఉంటే రీడింగ్ తారుమారవుతుంది. ఒకే పొరగా పరుచుకున్న కణాలకి ఆక్సిజన్ పుష్కలంగా అందుతుంది కాబట్టి, లోపల ఆక్సిజన్ తక్కువగా ఉండే గోళాకార కణగుచ్ఛాల మీద కూడా చూడనిదే ఆక్సిజన్ అక్కర్లేదన్న మాటకి విలువ లేదు.

ఒళ్లంతా పాకిన క్యాన్సర్‌కి ఈ మందులు జవాబు కావు. కనబడని చోట వెలుగు వేయలేం. చర్మం, మూత్రాశయం, అన్నవాహిక, శస్త్రచికిత్సలో కణితి తీసేశాక మిగిలిన అంచులు, ఇలా వెలుగు చేర్చగల చోట్లే వీటి పరిధి. వెలుగుతో చచ్చిన కణాలను చూసి రోగనిరోధక వ్యవస్థ మేల్కొని దూరాన ఉన్న కణితుల మీదా పడుతుందన్న ఆశ జంతువుల మీద ప్రయోగాల్లో కొంత బలపడింది. మనుషుల్లో అది నిలబడాలంటే చాలా పరీక్షలు కావాలి. ఆ పరీక్షల్లోనూ మందు ఒక్కటే కాదు, దాంతోపాటు లేజరు, ఫైబరు, వెలుగును సమంగా పరిచే పరికరం అన్నీ కలిపి అనుమతి తెచ్చుకోవాలి. అణువులో ఒక మిథైల్ గుంపు మార్చి పీల్చుకునే రంగు ఇరవై నానోమీటర్లు జరిగితే, ఆ పరికరాన్ని కూడా మళ్లీ మొదటి నుంచి తయారుచేసుకోవాల్సి రావచ్చు.